గ్లెనిస్ గొంతు, మెర్వ్ చెవి

మెర్వ్ నాన్‌కివెల్‌కి చెవులు మందగించాయన్న సంగతి ముందుగా కనిపెట్టింది అతని భార్య నొరీన్. కనిపెట్టి నాలుగేళ్ళయింది. మెర్వ్ ఇంకా కనిపెట్టనేలేదు.

"కెటిల్ అలా ఈల వేసి చస్తోంది, వినబడట్లేదూ?" అని ఆవిడ పెరట్లోంచి అరిచేది.

"అవును" అనేవాడు పేపర్లోంచి తలెత్తకుండా.

"అవునంటే? వినబడుతోందనా, వినబడట్లేదనా?"

"అవునన్నానుగా!"

చెవులు మందగించినవాళ్ళు నేను చూసినంతలో రెండు రకాలు. కొందరు ప్రతి మాటకీ "ఆఁ?" అంటారు. కొందరు ప్రతి మాటకీ "అవును" అంటారు. మొదటి రకంతో మనకి విసుగు పుడుతుంది, అంతే. రెండో రకంతో ఎప్పుడు ఏమవుతుందో చెప్పలేం. మెర్వ్ రెండో రకం. ఎదుటి మనిషి పెదాలు ఆగి, కళ్ళు తనమీద నిలిస్తే ఏదో అడిగారని అర్థం. అప్పుడు "అవును" అనేస్తే పదింట తొమ్మిదిసార్లు పని జరిగిపోతుంది. ఆ పదోసారి గురించే ఈ కథ.

నొరీన్ పోరు పడలేక ఒకసారి పక్క ఊరు వాలరూ వెళ్ళి పరీక్ష చేయించుకున్నాడు. అక్కడి అమ్మాయి ఒక కాయితం మీద గీత గీసి చూపించింది. బొంగురు శబ్దాల దగ్గర గీత చదునుగా నడిచి, సన్నటి శబ్దాల దగ్గరికి వచ్చేసరికి సముద్రపు గట్టు విరిగిపడ్డట్టు కిందికి దిగిపోయింది. లారీ వెళితే వినబడుతుంది, పిచ్చుక అరిస్తే వినబడదు. చెవి మిషన్లు కొన్నారు. రెండు రోజులు పెట్టుకుని, "కాయితం నలిపితే కొంప కూలినట్టుంది" అని తీసి మేజోళ్ళ సొరుగులో పడేశాడు.

ఇందులో సిగ్గేముంది, డెబ్భై నాలుగేళ్ళ మనిషికి చెవులు తగ్గవా అని మీరు అడగొచ్చు. వేరే మనిషైతే సిగ్గు లేదు. కానీ మెర్వ్ బతుకంతా చెవి మీదే నడిచింది. నలభై ఏళ్ళు ఒక వ్యానులో అడిలైడ్‌కి పడమరనున్న ద్వీపకల్పం అంతా తిరిగి బార్లీ రైతుల రేడియోలూ టీవీలూ బాగుచేశాడు. వ్యాను అమ్మేశాక మూంటా ఊళ్ళో పాత రైల్వే గోదాములో నడిచే మగాళ్ళ షెడ్డులో చేరాడు. పని మానేసిన మగవాళ్ళు మంగళవారం, గురువారం అక్కడ పోగై కుర్చీలకి కాళ్ళు బిగిస్తారు, కోతమిషన్లకి పదును పెడతారు, పదిగంటలకి పని ఆపి టీ తాగుతూ మాంసం కూరిన పేస్టీలు తింటారు. మెర్వ్ మూల బల్ల దగ్గర కూర్చుని పాత కంప్యూటర్లు బాగుచేసేవాడు. ముప్ఫై ఏళ్ళ కిందట ఒళ్ళో పెట్టుకుని తిరగడానికని తయారుచేసిన బూడిదరంగు బరువైన పెట్టెలు. వాటిని దాచుకునే పిచ్చివాళ్ళు దేశమంతటా ఉన్నారు. పెర్త్ నుంచీ హోబార్ట్ నుంచీ కూడా పార్సెళ్ళు వచ్చేవి. బయటి పిచ్చివాళ్ళందరికీ ఒక మాట తెలుసు: తెర పోతే ఎవరికైనా పంపు, శబ్దం పోతే మూంటా నాన్‌కివెల్‌కే పంపు.

ఆ ఊరివాళ్ళు చెవిని నమ్మడానికి ఒక కారణం ఉంది. వాళ్ళ ముత్తాతలు సముద్రాలు దాటి కార్న్‌వాల్ నుంచి రాగి తవ్వడానికి వచ్చినవాళ్ళు. గనిలో పైకప్పు ఎప్పుడు మీద పడుతుందో కంటికి తెలియదు. అందుకని పొద్దున్నే ఒక మనిషి ఇనప కడ్డీతో పైరాయిని కొట్టుకుంటూ వెళ్ళేవాడు. ఖణేల్‌మంటే గట్టిది. డబ్‌మంటే లోపల విడిపోయింది, కింద ఎవరూ నిలబడొద్దు. మెర్వ్ ముత్తాత ఆ కడ్డీ మనిషి. అతని చెవి చెప్పింది అబద్ధమని ఎవరూ అనలేదు. అతను ముసలివాడయ్యాక ఏం చేశారో చరిత్ర పుస్తకాల్లో నాకెక్కడా దొరకలేదు.

మెర్వ్ కొత్తవాళ్ళకి పాఠం చెప్పేటప్పుడు మూడే మాటలు చెప్పేవాడు. "పెట్టె తెరవక ముందు వినండి. గరగరమంటే హెడ్‌ఫోన్ గుచ్చే కన్నంలోనో, శబ్దం పెంచే చక్రంలోనో మురికి. గొంతు సన్నబడి ఈగ మూలిగినట్టు ఉంటే దారిలో ఒక కెపాసిటర్ ఎండిపోయింది. అసలేమీ లేకపోతే చిప్పు చచ్చింది. మిగతాదంతా కబుర్లు." ఎండిపోయిన కెపాసిటర్ సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే జరిగింది అర్థం కాదు. చింతగింజంత డబ్బా అది, దాంట్లో ఒక ద్రవం. ఏళ్ళు గడిచి ద్రవం ఎండితే అది బొంగురు శబ్దాలని ఆపేస్తుంది, సన్నటివాటిని మాత్రం వదులుతుంది. అంటే యంత్రం నోరు పూర్తిగా మూసుకోదు, గుసగుసలాడుతుంది. పది నిమిషాల్లో ఆ ఒక్కటీ మార్చేస్తే గొంతు మళ్ళీ వస్తుంది.

షెడ్డులో ఒక ఆచారం కూడా ఉండేది. ఏ వస్తువు వచ్చినా పని పుస్తకంలో లోపం ఏమిటో రాసి, ఇంకో మనిషి కూడా ఆ లోపాన్ని తన కళ్ళతో చూసో, చెవులతో వినో సంతకం పెట్టాలి. అప్పటిదాకా స్క్రూ విప్పకూడదు. వెనక ఒకసారి ఎవరో బాగున్న కుట్టుమిషన్ని విప్పి పాడుచేస్తే పెట్టుకున్న నియమం అది.

రెండువేల పందొమ్మిది సెప్టెంబరులో ఒక గురువారం పొద్దున్న డారిల్ ట్రెజైజ్ తన అక్క గ్లెనిస్‌ని చక్రాల కుర్చీలో తీసుకొచ్చాడు. గ్లెనిస్‌కి యాభై మూడేళ్ళు. పుట్టినప్పుడే మెదడుకి గాలి అందక, కాళ్ళూ చేతులూ మాట వినవు, నోట మాట రాదు. తల మాత్రం కత్తి. ఇరవై ఆరో ఏట ఎవరో దాతలు ఆమెకి ఒక కంప్యూటర్ ఇచ్చారు. మీటలు నొక్కితే అది పైకి మాట్లాడుతుంది. వాళ్ళ నాన్న దాని మీటల మీదికి కన్నాలున్న అల్యూమినియం రేకు చేసి బిగించాడు. చెయ్యి అదిరినా వేలి కణుపు సరైన కన్నంలోనే పడేది. ఇరవై ఏడేళ్ళుగా ఆమె ఆ గొంతుతోనే పోట్లాడింది, కేకులు ఆర్డరిచ్చింది, చర్చిలో పాస్టర్ని ఎదురు ప్రశ్నలు వేసింది. తెర ఆరేళ్ళ కిందటే నల్లబడిపోయింది. ఆమెకి తెర అక్కర్లేదు. ఏ మీట తరవాత ఏ మాటో అన్నీ తలలోనే ఉన్నాయి. ప్రభుత్వం వాళ్ళు కొత్తగా తాకితే మాట్లాడే గాజుపలక కూడా ఇచ్చారు కానీ, దానిమీద చెయ్యి ఒకసారి అదిరితే పదహారు మాటలు పడేవి.

ఆ జూన్‌లో వాళ్ళమ్మ పోయింది. అక్కడినుంచి మొదలైంది. అక్క ఒంటరిగా ఉండలేదని, అడిలైడ్ శివార్లలో ఒక వృద్ధాశ్రమంలో చోటుందని, ఆ నిర్ణయం తన చేతికివ్వమని డారిల్ ట్రిబ్యునల్‌కి దరఖాస్తు పెట్టాడు. గ్లెనిస్ ఒప్పుకోలేదు. వచ్చే బుధవారం విచారణ. మనుషుల్ని అంతదూరం రప్పించకుండా ఫోన్లోనే జరుపుతారు. ఫోన్లో కళ్ళు కనబడవు, చేతులు కనబడవు. గొంతున్నవాళ్ళదే మాట. సరిగ్గా ఆ వారమే గ్లెనిస్ గొంతు పోయింది.

"బుధవారానికి అందాలి మెర్వ్" అన్నాడు డారిల్. "ఈ పెట్టె లేకుండా విచారణ జరిగితే నేను అక్క నోరు నొక్కేశానంటారు జనం. నాకా మాట వద్దు." అంటూండగానే జేబులో ఫోను మోగి బయటికి వెళ్ళిపోయాడు. పొలానికి మందు కొట్టే మనిషి అవతల కేకలేస్తున్నాడు.

మెర్వ్ కుర్చీ ముందు వంగి, "ఏదీ తల్లీ, ఏదైనా ఒక బూతు మాట అనిపించు చూద్దాం" అన్నాడు.

గ్లెనిస్ నవ్వింది. చెయ్యి మూడుసార్లు గాల్లో వెతుక్కుని రేకు మీద దిగింది. టక్, టక్, టక్. ఆఖరి మీట నొక్కి అతని మొహంలోకి చూసింది.

మెర్వ్ చెవి దగ్గరగా పెట్టాడు. వెనక షెడ్డు పెద్ద రాస్ పాస్కో గ్రైండర్ మీద కోతబ్లేడు అరగదీస్తున్నాడు. "ఒరే రాస్, ఆ గోల కాస్త ఆపరా!" అని కేకేశాడు. గ్రైండర్ ఆగింది. గ్లెనిస్ మళ్ళీ నొక్కింది. మెర్వ్ చెవిలో సముద్రమంత నిశ్శబ్దం.

"అయ్యో, ఊపిరి కూడా లేదే" అన్నాడు.

గ్లెనిస్ తల అటూ ఇటూ తిప్పింది. ఎడమ చెయ్యి ఎగిరి అతని చొక్కా పట్టుకుని లాగింది. కళ్ళు కుర్చీ వెనక తగిలించిన సంచీ వైపు వెళ్ళాయి. ఒకసారి, రెండుసార్లు, మళ్ళీ. ఆ సంచీలో అక్షరాల పలక ఉంది. మెర్వ్‌కి అది తెలియదు. ఇంటికి వెళ్ళాలని తొందరపడుతోందనుకున్నాడు. చెయ్యి ఎగరడం ఎప్పుడూ ఉండేదే అనుకున్నాడు. "కంగారు పడకమ్మా, మంగళవారానికి నీ చేతిలో పెడతాను" అని చెయ్యి నిమిరాడు. ఆమె కళ్ళు గట్టిగా మూసుకుంది.

పని పుస్తకంలో "శబ్దం అసలు లేదు" అని రాసి రాస్ ముందుకి తోశాడు.

"నేనూ వినాలి కదరా" అన్నాడు రాస్, చేతులు తుడుచుకుంటూ.

"విను, ఎవరొద్దన్నారు. నీ గ్రైండర్ చెవులతో నాకు పాఠం చెబుదువుగాని."

పక్కనున్నవాళ్ళు నవ్వారు. రాస్ ఒక్క క్షణం మెర్వ్ మొహంలోకి చూశాడు. ఏదో అనబోయి మానుకున్నాడు. "నువ్వు విన్నాక మేం వినేదేముందిలే ముసలాడా" అని సంతకం గీకేశాడు. మర్యాద అనే వస్తువుని నేను చాలా దేశాల్లో చూశాను. అది ఎక్కువ హాని చేసేది ఇలాంటి చిన్న ఊళ్ళలోనే.

మధ్యాహ్నం అందరూ వెళ్ళిపోయాక మెర్వ్ పెట్టె విప్పాడు. లోపల శుభ్రంగా ఉంది. ఈ తరం యంత్రాల్లో కెపాసిటర్లు కారి, రాగిగీతలు పచ్చగా బూజు పట్టి కనబడతాయి. ఇక్కడ ఏదీ కారలేదు. స్పీకరు దారిలో ఉన్న చిన్న డబ్బా పైకి నిగనిగలాడుతోంది. అది లోపల్లోపల ఎండిపోయిందని కంటికి తెలిసే వీల్లేదు. చెవికే తెలియాలి. మెర్వ్ దాన్ని చూసి దాటిపోయాడు. అతని లెక్క తప్పు కాదు. గొంతు సన్నబడితే కదా డబ్బా, ఇక్కడ గొంతే లేదు. శబ్దాన్ని పెంచే చిప్పుకి కరెంటు అందుతోందా అని మీటరు పెట్టాడు. అందుతోంది. కరెంటు ఉండీ పలకడం లేదంటే చిప్పు చచ్చినట్టే. ఇంతకన్నా నిఖార్సయిన తర్కం ఏ పుస్తకంలోనూ ఉండదు.

శబ్దాన్ని గీతలుగా చూపించే పరికరం ఒకటి అలమారులో గుడ్డ కప్పి ఉంది. దాన్ని పెట్టి ఉంటే గుసగుస అల సన్నగా కనబడి ఉండేది. "అది చెవుల్లేనివాళ్ళ కోసంరా" అని పదేళ్ళుగా అందరి ముందూ వెక్కిరించిన నోరు మెర్వ్‌ది. ఆ మధ్యాహ్నం అతను లేచి అలమారు దగ్గరికి వెళ్ళాడు. గుడ్డ కొస పట్టుకున్నాడు కూడా. వదిలేసి వచ్చి కూర్చున్నాడు.

శుక్రవారం షెడ్డు మూసి ఉంటుంది. తాళంచెవి తన దగ్గరే ఉంది. పొద్దున్నే వెళ్ళి, చచ్చిన ఇంకో పెట్టెలోంచి అలాంటి చిప్పే తీసి మార్చాడు. చేతులు అతన్ని ఇంకా వదిలిపెట్టలేదు, సోల్డరు ముత్యాల్లా పడింది. కరెంటిచ్చి రేకు మీద మీటలు నొక్కాడు. నిశ్శబ్దం. అప్పుడూ అది తన సన్నటి గొంతుతో ఏదో అనే ఉంటుంది. వినే మనిషి గదిలో లేడు, అంతే.

అక్కడ ఆగి ఉండాల్సింది. కొత్త చిప్పు పెట్టినా పలకకపోతే పాత చిప్పు నిర్దోషి అన్నమాట. అంటే మొదట విన్నదే తప్పేమో అని ఏ పనివాడికైనా అనుమానం రావాలి. మెర్వ్‌కి వచ్చింది. వచ్చిన అనుమానాన్ని పక్కకి తోసి, ఇంకా లోపలికి వెళ్ళాడు. మాటల్ని తయారుచేసే పెద్ద చిప్పు, నాలుగు వైపులా వెంట్రుకల్లాంటి కాళ్ళు. దాన్ని వేడిగాలితో లేపాలి. కాళ్ళు కదలలేదు. వేడి పెంచాడు. బోర్డు పొరల మధ్య చిన్న బుడగ లేచింది. గోధుమరంగు మచ్చ, పావలా అంత. చిప్పు లేచి వచ్చింది, దాని వెంట రాగిగీతలు కూడా చర్మంలా ఊడి వచ్చాయి.

సాయంత్రం దాకా భూతద్దం కింద సన్నటి తీగలు పెట్టి అతుకులు వేశాడు. పదకొండు తీగలు. కరెంటిచ్చాడు. ఈసారి లోపల లైటు కూడా వెలగలేదు. కాలిన వాసన వచ్చింది, ముక్కు బాగానే పనిచేస్తోంది.

ఇంటికొచ్చి నొరీన్‌తో ఒక్క ముక్క చెప్పలేదు. ఆవిడ వడ్డించిన పీతల కూర ముందు కూర్చుని చేతులు చూసుకుంటున్నాడు.

"ఏమైంది?"

"అవును" అన్నాడు.

శనివారం గ్లెనిస్ ఇంటికి వెళ్ళాడు. సముద్రానికి రెండు వీధుల ఇవతల రేకు కప్పు ఇల్లు. చూసుకునే మనిషి పొద్దుటి పని చేసి వెళ్ళిపోయింది. గ్లెనిస్ కిటికీ దగ్గర ఉంది. ఒళ్ళో అక్షరాల పలక ఉంది. చెక్కమీద పెద్ద అక్షరాలు, వాటిమీద వేలి కణుపు పెడితే ఎదుటివాళ్ళు చదువుకోవాలి. వాళ్ళమ్మ ఉన్నప్పుడు చర్చిలో రహస్యాలు చెప్పుకోవడానికి వాడుకునేవాళ్ళట.

"పోయింది తల్లీ" అన్నాడు మెర్వ్, గుమ్మంలోనే. "లోపల చాలా పాడైపోయింది. నా వల్ల కాలేదు."

ఆమె కణుపు పలక మీద దిగింది. ఒక్కో అక్షరానికీ చెయ్యి గాల్లో ఒక చుట్టు తిరిగి దిగేది. మెర్వ్ కూడబలుక్కుని పైకి చదివాడు.

"గుసగుసగా... పలుకుతూనే... ఉంది."

మెర్వ్ పలక మీంచి తలెత్తాడు. "ఎప్పుడు?"

"నీ చెవి దగ్గర."

ఇంకా చెప్పింది. "నీ పేరు అనిపించాను. రెండుసార్లు."

షెడ్డులో తన చొక్కా పట్టి లాగిన చెయ్యి, అటూ ఇటూ తిరిగిన తల, సంచీ వైపు పోయిన కళ్ళు, అన్నీ ఒక్కసారి వచ్చి మెర్వ్ ముందు నిలబడ్డాయి. మనిషన్నవాడు ఆ క్షణంలో కాళ్ళమీద పడాలి. మెర్వ్ చెడ్డవాడు కాడు. కానీ నలభై ఏళ్ళ పేరు నాలుక మీద బండరాయిలా కూర్చుంది.

"గ్రైండర్ గోలలో వినబడి ఉండదులే" అన్నాడు. "అయినా లోపల అంతా పుచ్చిపోయింది. విన్నా చేసేదేమీ లేదు."

రెండోది పచ్చి అబద్ధం. పది నిమిషాల పని. ఆమెకి ఆ సంగతి తెలియదు. తెలిసినవాడు ఊళ్ళో అతనొక్కడే.

"బుధవారం?" అని చూపించింది గ్లెనిస్.

"నేనొస్తాను. నువ్వు చూపించు, నేను ఫోన్లోకి చదువుతాను. ఒక్క అక్షరం పోనివ్వను." ఆమెని చూసుకునే మనుషుల్ని పంపే సంస్థవాళ్ళు తమ మనుషులు విచారణలో నోరెత్తకూడదన్నారు. డారిల్ చదవడానికి లేదు, దరఖాస్తు అతనిదే. ఇంకెవరూ లేరు. ఆమె ఒప్పుకుంది. తన తప్పుకి తనే శిక్ష వేసుకుంటున్నానని మెర్వ్ అనుకున్నాడు. ఫోను అనేదాన్ని ఎలా వింటారో ఆ సమయంలో అతనికి తట్టనేలేదు.

బుధవారం పదిన్నరకి వంటింటి బల్ల మీద ఫోను స్పీకరు పెట్టారు. ఒక పక్క డారిల్, ఒక పక్క గ్లెనిస్, ఆమె పలక పక్కన మెర్వ్. అవతల ట్రిబ్యునల్ సభ్యురాలు. సన్నటి గొంతున్న ఆవిడ. మెర్వ్‌కి అది రేకుమీద చినుకులు పడ్డట్టు వినిపించింది, చినుకుల్లో మాటలు లేవు. గాభరా పడ్డాడు. అంతలో ఒక ధైర్యం వచ్చింది. గ్లెనిస్‌కి వినబడుతోంది. తను వినక్కర్లేదు, చదివితే చాలు.

మొదటి అరగంట బాగానే నడిచింది. చినుకులు ఆగగానే కణుపు కదిలేది, మెర్వ్ చదివేవాడు.

"ఇది మా అమ్మ ఇల్లు కాదు. నా ఇల్లు."

"మంచంమీద నన్ను తిప్పడానికి ఇంకో మనిషి కావాలి. మనిషిని ఇవ్వండి. ఊరు మార్చకండి."

"అక్కడందరూ తొంభై ఏళ్ళవాళ్ళు. నేను బతకడానికి వెళ్ళాలా, వాళ్ళతోపాటు ఎదురుచూడడానికా?"

డారిల్ మొహం కడుక్కున్నట్టు అరచేతులతో తుడుచుకున్నాడు. "అది కాదే గ్లెన్, నాకు మాత్రం సరదానా... వారానికి నాలుగుసార్లు నా పొలం నుంచి డెబ్భై కిలోమీటర్లు..." అంటే ఫోన్లోంచి చినుకులు అతన్ని ఆపాయి.

ఒకచోట గ్లెనిస్ చెయ్యి అలిసిపోయింది. ఒక మాట సగంలో కణుపు జారిపోతే, మెర్వ్ సాయంగా మిగతాది తనే పూర్తిచేసి గబగబా చదివాడు. సరైనదే చదివాడు. ఆమె తలూపింది కూడా.

అప్పుడు చినుకులు మళ్ళీ మొదలయ్యాయి. ఈసారి కొంచెం ఎక్కువసేపు. ఆగాయి. గ్లెనిస్ చెయ్యి కదల్లేదు. డారిల్ మెర్వ్ వైపు చూస్తున్నాడు. గ్లెనిస్ మెర్వ్ వైపు చూస్తోంది. తనని అడిగారన్నమాట.

"అవునండీ" అన్నాడు మెర్వ్ గట్టిగా, మర్యాదగా.

గ్లెనిస్ కళ్ళు పెద్దవయ్యాయి. చినుకులు ఇంకోసారి పడ్డాయి, ఆగాయి. అందరూ మళ్ళీ అతని వైపే చూశారు.

"అవును, అంతేనండీ."

గ్లెనిస్ ఒళ్ళంతా కొరడాతో కొట్టినట్టు ఎగిరింది. పలక కిందపడి బల్ల కిందికి జారింది. మెర్వ్ మోకాళ్ళమీద వంగి వెతుకుతూంటే పైన చినుకులు ఆగకుండా పడుతున్నాయి. డారిల్ నోరు తెరిచాడు. ఒక మాట చెబితే సరిపోయేది. నోరు మూసుకుని, టీ కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు. మెర్వ్ పలక తీసి ఆమె ఒళ్ళో పెట్టేసరికి ఫోను మీద లైటు ఆరిపోయింది. డారిల్ లేచి వరండాలోకి వెళ్ళిపోయాడు.

"ఏమన్నారు? అయిపోయిందా?" అన్నాడు మెర్వ్.

గ్లెనిస్ చెప్పడం మొదలుపెట్టింది. ఆమె తొందరపడలేదు. ఇన్నేళ్ళలో ఎవరి కోసమూ ఇంత నిదానంగా చూపించి ఉండదు. మెర్వ్ అలవాటుకొద్దీ పైకే చదివాడు, ఖాళీ వంటింట్లో, తనకి తానే.

"నాన్‌కివెల్ గారూ... ఆవిడ ఆగినప్పుడల్లా... మాటలు మీరే పూరిస్తున్నారా?"

అవునండీ.

"అయితే... ఇప్పటిదాకా విన్నదాంట్లో... ఆవిడవి ఏవో, మీవి ఏవో... చెప్పలేమన్నమాటేనా?"

అవును, అంతేనండీ.

చదవడం పూర్తయ్యాక కూడా అతని వేలు ఆఖరి అక్షరం మీదే ఉండిపోయింది. ఆమె చివరగా ఇంకొకటి చూపించింది. "సోమవారం." ఆ రోజు ఆమెని ఆశ్రమానికి తీసుకెళ్తారు. ట్రిబ్యునల్ ఆరు నెలల తరవాత మళ్ళీ చూస్తుందట. అప్పటిదాకా నిర్ణయం డారిల్‌ది.

మెర్వ్ వరండాలోకి వెళ్ళాడు. డారిల్ మెట్లమీద కూర్చుని చుట్టుకున్న సిగరెట్టు వెలిగించకుండా పట్టుకున్నాడు.

"డారిల్, ఆవిడ అడిగింది నాకు వినపడలేదు" అన్నాడు. "ఒక్క ముక్క వినపడలేదు. పెట్టె సంగతీ అంతే. అది పలుకుతూనే ఉందిరా. నాకు చెవుల్లేవు. ఎవరికీ చెప్పలేదు."

డారిల్ తల తిప్పి అతనికి పెదాలు కనబడేలా చూశాడు. "తెలుసు" అన్నాడు.

"ఏం తెలుసు?"

"నీకు వినపడదని. షెడ్డులో అందరికీ తెలుసు. పబ్బులో తెలుసు. రాస్‌కి నాలుగేళ్ళుగా తెలుసు. నీ వెనక బల్లమీద పానా పడేసి చూసేవాళ్ళు, నువ్వు తిరుగుతావో లేదోనని."

"మరి పుస్తకంలో సంతకం పెట్టాడే!"

"ఏం చెయ్యమంటావు? అందరి ముందూ నీ చేతిలోంచి లాక్కోమంటావా? నువ్వు నాన్‌కివెల్‌వి." డారిల్ సిగరెట్టు విరిచి గడ్డిలోకి విసిరాడు. "నేను మాత్రం? ఇందాక 'ఆయనకి వినపడదండీ' అని ఒక్క మాట అంటే అయిపోయేది. అనలేదు. నాకు నిద్ర కావాలి మెర్వ్. మూడు నెలలైంది."

మెర్వ్ ఆ రోజే ట్రిబ్యునల్‌కి ఉత్తరం రాశాడు. తన చెవుల సంగతి, ఆ రెండు జవాబుల సంగతి, కెపాసిటర్ సంగతి, పది నిమిషాల పని సంగతి కూడా. నాలుగు పేజీలు వచ్చింది. నొరీన్ చదివి, తప్పులు దిద్ది, స్టాంపు అంటించింది. రెండు వారాల తరవాత జవాబొచ్చింది. ఉత్తరం అందిందట, ఫైల్లో పెట్టారట, మార్చిలో పునఃపరిశీలన అప్పుడు చూస్తారట.

ఆ జవాబు రాకముందే, సోమవారం పదకొండుకి అడిలైడ్ నుంచి వ్యాను వచ్చింది. డ్రైవరు కుర్రవాడు, చురుకైనవాడు. గ్లెనిస్ కుర్చీని రాంపు మీదికి ఎక్కిస్తూ, "మేడమ్ మాట్లాడతారా?" అని అడిగాడు. గేటు దగ్గర నిలబడ్డ మెర్వ్ అతని పెదాలు చూడలేదు. ఆ ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పకపోయేసరికి, కుర్రవాడు తన చేతిలో ఉన్న కాయితం మీద 'మాట్లాడగలరు' అన్న గడిలో అడ్డగీత పెట్టి తలుపు వేశాడు.